మీటరు బీప్ కొట్టింది, ఫ్యాన్ నీరసంగా తిరిగింది: ఒక బీచ్ ఏటీవీ కేసు

బండి 500 సీసీ తరగతి ఏటీవీ, అంటే ఇసకలో తిరిగే నాలుగు చక్రాల బండి. సింగిల్ సిలిండర్, లిక్విడ్ కూల్డ్, కార్బురేటర్ మోడల్, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) లేదు. విశాఖ భీమిలి రోడ్డులో బీచ్ పక్కన టూరిస్టులకు రైడ్లు ఇచ్చే ఒకాయన దగ్గర తిరుగుతోంది. కంప్లయింట్లు రెండు. మధ్యాహ్నం పూట ఇసకలో కాసేపు తిప్పేసరికి టెంపరేచర్ లైటు వెలుగుతోంది. ఫోర్ వీల్ స్విచ్ (ముందు చక్రాలకి కూడా ఇంజన్ బలం ఇచ్చేది) నొక్కితే ఒకసారి పడుతోంది, ఒకసారి పడటం లేదు. ఈ రెంటికీ సంబంధం ఉంటుందని యజమాని అనుకోలేదు. విడివిడి పనులుగానే చెప్పి, విడివిడిగా రేటు అడిగాడు.

మొదటి కంప్లయింట్‌కి ముందు కథ కొంత ఉంది. అంతకుముందు వేసవిలో ఫ్యాన్ అసలు తిరగడం మానేసింది. దగ్గర్లోని మెకానిక్ ఒకాయన బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా ఒక వైరు లాగి, హ్యాండిల్ పక్కన టాగిల్ స్విచ్ పెట్టి, ఫ్యాన్‌కి డైరెక్ట్ ఇచ్చేశాడు. అప్పటి నుంచి ఎండ ఎక్కాక రైడ్ మొదలెట్టే ముందు కుర్రాళ్లు చేత్తో ఫ్యాన్ వేసుకుంటున్నారు. ఫ్యాన్ తిరుగుతోంది, బండి మాత్రం వేడెక్కుతూనే ఉంది. కూలెంట్ మార్చారు, రేడియేటర్ క్యాప్ మార్చారు, థర్మోస్టాట్ తీసి చూశారు. ఇదంతా అయ్యాక బండి మధురవాడలో మా షెడ్డుకి వచ్చింది.

"ఫ్యాన్ తిరుగుతోంది కద మేస్త్రీ, మరింకేటి? ఉక్క ఎక్కువగా ఉంది, అందుకేనంటావా?" అన్నాడు యజమాని.

విశాఖలో ఈ మాట చాలామంది అంటారు. ఏప్రిల్, మే నెలల్లో ఆ ఉక్కకి మనిషి ప్రాణం పోతుంది కాబట్టి బండికీ అంతేననుకుంటారు. కానీ రేడియేటర్‌కి చెమట పట్టదు. మన ఒంటి మీద చెమట ఆరక మనకి ఉక్క. రేడియేటర్‌కి కావాల్సింది లోపలి నీటికీ బయటి గాలికీ మధ్య వేడి తేడా, ఆ గాలి రెక్కల సందుల్లోంచి తగినంత పారడం. బయట 35 డిగ్రీలున్నా లోపల 85 ఉంటే 50 డిగ్రీల తేడా ఉన్నట్టే, అది చాలు. గాల్లో తేమ ఎంతున్నా పెద్దగా ఒరిగేదేమీ లేదు. కాబట్టి వాతావరణాన్ని పక్కన పెట్టి గాలి ఎంత పారుతోందో చూడాలి. ఈ బండి పని కూడా అలాంటిదే. మెత్తటి ఇసక, టైర్లలో 5 పీఎస్ఐ గాలి, థ్రాటిల్ నిండా నొక్కినా వేగం మాత్రం నడకకి కాస్త ఎక్కువ. హైవే మీద పోయే బండికి ఎదురుగాలి సాయం ఉంటుంది, ఇక్కడ ఆ సాయం లేదు. రేడియేటర్‌కి దిక్కల్లా ఫ్యాన్ ఒక్కటే.

ముందు కరెంటుతో సంబంధం లేనివి చూసి పక్కన పెట్టాను. కూలెంట్ లెవెల్ సరిగ్గానే ఉంది, ఎయిర్ లాక్ లేదు. ఎయిర్ లాక్ ఉంటే థర్మో స్విచ్ (నీటి వేడిని బట్టి ఫ్యాన్ వేసేది) మొన నీళ్లలో కాకుండా గాలిబుడగలో ఉండిపోతుంది, ఇంజన్ కాలిపోతున్నా దానికి తెలియదు. అందుకే దీన్ని వదలకూడదు. రేడియేటర్ రెక్కల్లో ఇసక, ఎండిన నాచు ఉంటే నీళ్లతో వెనక నుంచి ముందుకి తోయించాను. ఫ్యాన్ రెక్కని వేలితో తిప్పితే తేలిగ్గా తిరిగింది, బేరింగు బిగుసుకోలేదు. టాగిల్ వేసి రేడియేటర్ ముందు పేపరు ముక్క పెడితే అతుక్కుంది, అంటే ఫ్యాన్ సరైన వైపుకే గాలి లాగుతోంది. డైరెక్ట్ ఇచ్చిన బండ్లలో ప్లస్ మైనస్ తారుమారై ఫ్యాన్ రివర్స్‌లో తిరగడం తరచూ కనబడుతుంది కాబట్టి ఈ పరీక్ష ఎప్పుడూ మానను. కాకపోతే పేపరు అతుక్కున్న తీరు నాకు నచ్చలేదు. ఊదితే పడిపోయేంత పట్టు మాత్రమే ఉంది.

బీప్ అంటే ఏం తెలిసినట్టు

మా షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రాడు నాకంటే ముందే మీటరు తీసి ఫ్యాన్ సర్క్యూట్ మొత్తం కంటిన్యూటీ (వైరు దారి తెగకుండా ఉందా అని) చూసేశాడు. ఫ్యాన్ బ్రౌన్ వైరు (కరెంటు ఫ్రేమ్ మీదుగా బ్యాటరీకి తిరిగిపోయే ఎర్త్ దారి) నుంచి బ్యాటరీ మైనస్‌కి బీప్. తాళం దాటాక ప్లస్ వైరుకి బీప్. "అన్నీ బాగున్నాయి గురువుగారూ, ఎర్త్ కూడా వస్తాది" అన్నాడు.

కంటిన్యూటీ మోడ్‌లో మీటరు లోపలి చిన్న బ్యాటరీ నుంచి మిల్లీ ఆంపియర్ అంత కరెంటు మాత్రమే పంపిస్తుంది. దారిలో కొన్ని పదుల ఓమ్‌ల అడ్డు ఉన్నా చాలా మీటర్లు బీప్ కొట్టేస్తాయి. ఫ్యాన్‌కి కావాల్సింది 6 ఆంపియర్లు. 6 ఆంపియర్లు పారే దారిలో అర ఓమ్ అడ్డుంటేనే 3 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి. ఆ అర ఓమ్‌ని ఓమ్స్ రేంజిలో పట్టుకోవడం కూడా కష్టమే. మామూలు మీటరు రెండు వైర్లూ ఒకదానికొకటి తాకించినా 0.2, 0.3 అని చూపిస్తుంది, అందులో అసలు జబ్బు కలిసిపోతుంది. పదిహేను పోగుల తీగలో ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది. అందుకని ఫ్యాన్, సెల్ఫ్, హెడ్‌లైట్ లాంటి బరువు లాగే సర్క్యూట్లలో నేను బీప్‌ని వైరు తెగిందా లేదా అని తెలుసుకోవడానికి మాత్రమే వాడతాను. బాగుందని చెప్పడానికి వాడను.

చూడాల్సింది వోల్టేజ్ డ్రాప్, అంటే కరెంటు పారుతుండగా దారిలోనే ఎన్ని వోల్టులు పోతున్నాయో. ఫ్యాన్ తిరుగుతుండగానే, వైర్లు కలిపే ఏ కప్లరూ ఊడదీయకుండా, వెనక వైపు నుంచి సన్నటి సూది దోపి కొలవాలి. ప్లస్ వైపు కొలిచేటప్పుడు మీటరు ఎర్రది బ్యాటరీ ప్లస్ పోస్ట్ మీద, నల్లది మోటారు ప్లస్ పిన్ మీద. మైనస్ వైపు కొలిచేటప్పుడు ఎర్రది మోటారు మైనస్ పిన్ మీద, నల్లది బ్యాటరీ మైనస్ పోస్ట్ మీద. పోస్ట్ అంటే సీసం మొద్దు మీదే పెట్టాలి. దాని మీద బిగించిన క్లాంపు మీద పెడితే, ఆ క్లాంపుకీ పోస్టుకీ మధ్య తుప్పు ఉంటే మన లెక్కలోంచి తప్పించుకుంటుంది.

ముందు వచ్చిన స్థితిలోనే, అంటే టాగిల్ మీద నడుస్తుండగా, ఇంజన్ ఆపి కొలిచాను. బ్యాటరీ 12.5. మోటారు రెండు పిన్నుల మధ్య 9.7 మాత్రమే. ప్లస్ వైపు 0.5 పోతోంది, మైనస్ వైపు 2.3. మూడూ కలిపితే 12.5, లెక్క సరిపోయింది. ఇలా కూడిక సరిపోకపోతే ఎక్కడో సూది సరిగ్గా తగల్లేదని అర్థం, మళ్లీ కొలవాలి. డీసీ క్లాంప్ మీటరుతో చూస్తే కరెంటు 4.5 ఆంపియర్లు. 2.3ని 4.5తో భాగిస్తే అర ఓమ్. కుర్రాడికి బీప్ వచ్చిన ఎర్త్ ఇదే.

టాగిల్ పెట్టినాయన మార్చింది ప్లస్ దారి ఒక్కటే. మైనస్ దారి పాతదే. ఫ్యాన్ కళ్లకి తిరుగుతున్నట్టే కనిపించింది, అందుకే ఎర్త్ మీద ఎవరికీ అనుమానం రాలేదు. 9.7 వోల్టులు, 4.5 ఆంపియర్లు అంటే 44 వాట్లు. బాగైన తర్వాత ఇదే మోటారు 74 వాట్లు తీసుకుంది. గట్టి తడి ఇసక మీద అయితే ఈ 44 వాట్లతో బండి నెట్టుకొచ్చేస్తుంది. మధ్యాహ్నం పొడి ఇసకలో దిగితే చాలదు. కంప్లయింట్ మధ్యాహ్నమే ఎందుకు వస్తోందో ఇక్కడే తేలిపోయింది.

ఎర్త్ బోల్టు

2.3 వోల్టులు ఎక్కడ పోతున్నాయో విడగొట్టడానికి నల్ల సూదిని ఒక్కో మెట్టూ ముందుకి జరిపాను. బ్యాటరీ మైనస్ పోస్ట్ నుంచి ఫ్రేమ్ దాకా 0.1. ఫ్రేమ్ ఇనుము నుంచి బ్రౌన్ వైరు దాకా 2.2. ఆ మధ్యలో ఉన్నది ఒక బోల్టు, ఒక రింగ్ లగ్గు. రేడియేటర్ వెనక, ముందు ర్యాక్ కింద, చెయ్యి తిప్పడానికి కూడా వీల్లేని మూల.

బోల్టు విప్పితే లగ్గు కింద ఫ్రేమ్ మీద ఎర్ర తుప్పు, లగ్గు మీద పచ్చటి చిలుము. ఆ రెంటి మధ్య తెల్లగా ఉప్పు పొర. వైరు లగ్గులోకి దూరేచోట ప్లాస్టిక్ తొడుగు బిరుసెక్కి ఉంది. అంగుళం చెక్కితే లోపల రాగి నల్లగా ఉంది. ఇంకో అంగుళం చెక్కినా నలుపే. జానెడు పొడవు కోసేస్తే తప్ప మెరిసే రాగి కనబడలేదు. ఉప్పునీళ్లు తీగ పోగుల సందుల్లోంచి పైకి పాకుతాయి, తొడుగు మీద ఏ మచ్చా లేకుండా లోపలంతా తినేస్తాయి. అలా నల్లబడిన రాగి మీద టంకం కూడా అంటదు. అందుకే కొత్త లగ్గు కొట్టేముందు రాగి మెరుస్తోందా లేదా అని చూడకపోతే చేసిన పని వృథా.

దీనికి కారణం గాల్లో ఉప్పు ఒక్కటే కాదు. రైడ్లు అయ్యాక బండ్లని ప్రెషర్ వాషర్‌తో కడుగుతారు. సముద్రం పక్కన బోరు వేస్తే వచ్చే నీళ్లు కూడా ఉప్పగానే ఉంటాయి. ఆ నీళ్లనే రేడియేటర్ మీదకి, దాని వెనకున్న కప్లర్ల మీదకి జోరుగా కొడితే గాలికి ఏళ్లు పట్టే పని నీళ్లకి ఒక సీజన్‌లో అయిపోతుంది. యజమానికి ఇది చెప్తే కుర్రాళ్ల మీద కోపం తెచ్చుకున్నాడు. వాళ్లదేం తప్పు లేదు, శుభ్రంగా కడగమంటే కడిగారు. మంచినీళ్లతో, జోరు తగ్గించి, కప్లర్లకి దూరంగా కడగమని చెప్పాను.

ఫ్రేమ్ మీద పెయింటు, తుప్పు పోయి తెల్ల ఇనుము కనబడేదాకా రుద్దాం. జానెడు వైరు కోసి కొత్త ముక్క కలిపాం. ఆ ముక్క టిన్ పూత ఉన్న రాగి వైరు, పడవల్లో వాడేది. ఫిషింగ్ హార్బర్ వైపు బోట్ల కరెంటు పని చేసేవాళ్లని అడిగితే దొరుకుతుంది. మామూలు ఆటోమొబైల్ వైరుకంటే రేటు ఎక్కువే, కానీ ముక్కే కదా. లగ్గు క్రింప్ కొట్టి, లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ తొడిగి, పళ్ల వాషరు వేసి బిగించాం. బిగించిన తర్వాతే పైన వ్యాజిలైన్ దట్టంగా పూశాం. ముందే లగ్గు కింద పూసి బిగించేవాళ్లున్నారు. గట్టిగా బిగిస్తే అది పక్కకి పోతుందంటారు, కొంతవరకు నిజమే, కానీ నేను ఇనుముకి రాగి తగిలిందని కళ్లతో చూశాకే పూస్తాను.

థర్మో స్విచ్

ఎర్త్ బాగుపడితే ఫ్యాన్ జోరందుకుంది, కానీ పని సగమే అయింది. అసలు మొదట్లో ఫ్యాన్ తనంతట తాను ఎందుకు ఆగిపోయిందో ఇంకా తేలలేదు. టాగిల్‌ని అలాగే ఉంచెయ్యమని యజమాని అడిగాడు. నేను ఒప్పుకోలేదు. ఆ వైరు ఇంటి కాలింగ్ బెల్‌కి వాడేంత సన్నది, ఫ్యూజు లేదు, పెట్రోల్ ట్యాంకు కిందుగా ఫ్రేమ్‌కి రాసుకుంటూ పోతోంది. ఒకచోట తొడుగు అప్పటికే అరిగి ఉంది. అది ఫ్రేమ్‌కి తగిలిన రోజు ఆపడానికి మధ్యలో ఏదీ ఉండదు. పైగా సాయంత్రం ఎవరైనా ఫ్యాన్ ఆపడం మరిచిపోతే 14 ఆంపియర్ అవర్ బ్యాటరీ 6 ఆంపియర్ల లెక్కన రెండు గంటల చిల్లరలో ఖాళీ. ఆ వైరు మొత్తం పీకేసి కంపెనీ సర్క్యూట్‌కి తిరిగి వచ్చాం.

కంపెనీ దారి ఇలా ఉంటుంది. బ్యాటరీ ప్లస్, మెయిన్ బ్రేకర్ (ఫ్యూజు లాంటిది), తాళం, ఫ్యాన్‌కి విడిగా ఇంకో చిన్న బ్రేకర్, రేడియేటర్ మీద థర్మో స్విచ్, ఫ్యాన్ మోటారు, బ్రౌన్ వైరు మీదుగా ఎర్త్. మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) లేదు. ఫ్యాన్ లాగే కరెంటు మొత్తం ఆ చిన్న స్విచ్ లోపలి రెండు కాంటాక్టుల గుండానే పోతుంది. కలిసిన ప్రతిసారీ, విడిపోయిన ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ. అలా కొన్ని వేలసార్లు అయ్యాక కాంటాక్టులు మాడిపోతాయి.

స్విచ్ కప్లర్ విప్పి రెండు వైర్లనీ జంపర్‌తో కలిపితే ఫ్యాన్ గట్టిగా తిరిగింది. అంటే స్విచ్ తప్ప మిగతా దారంతా బాగానే ఉంది. జంపర్ పెట్టి ప్లస్ వైపు కొలిస్తే 0.4 పోయింది. రెండు బ్రేకర్లు, ఒక తాళం, మూడు కప్లర్లు ఉన్న దారికి అది మామూలే. స్థూలంగా ఒక్కో స్విచ్ మీద 0.2, ఒక్కో కప్లర్ మీద 0.1, మొత్తం దారి మీద 0.5 దాటకపోతే నేను వదిలేస్తాను.

స్విచ్ తీసి వేడినీళ్లలో పరీక్ష పెట్టాం. పాత స్టీలు గిన్నెలో నీళ్లు, స్విచ్‌ని తీగకి వేలాడదీసి మరలు మునిగేదాకా మాత్రమే దించాం. పిన్నులు తడవకూడదు, అడుగుకి తగలకూడదు. తగిలితే నీటి వేడి కాకుండా గిన్నె అడుగు వేడి తీసుకుంటుంది. థర్మామీటర్ మొన స్విచ్ పక్కనే. ఈ బండికి మాన్యువల్ ప్రకారం సుమారు 82 డిగ్రీల దగ్గర స్విచ్ కలవాలి, చల్లారుతూ 65 దగ్గర విడిపోవాలి. అన్ని కంపెనీలదీ ఇదే లెక్క కాదు. 100 దగ్గర కలిసేవీ ఉన్నాయి. అలాంటి వాటిని ఉత్త నీళ్లలో పరీక్షించడం కుదరదు, కూలెంట్ కలిపిన నీళ్లు వాడాలి. అరకులో అయితే ఇంకా ఇబ్బంది, తొమ్మిది వందల మీటర్ల ఎత్తులో నీళ్లు 97 దగ్గరే మరిగిపోతాయి.

మీటరు బీప్ మోడ్‌లో పెడితే 84 దగ్గర కూత వచ్చింది. చల్లారుతుంటే 66 దగ్గర ఆగింది. కుర్రాడు నా మొహం చూశాడు. అంకెలు చూస్తే స్విచ్ బాగున్నట్టే.

అప్పుడు మీటరు తీసేసి స్విచ్‌కి వరుసలో 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు ఒకటి, కారు బ్యాటరీ ఒకటి కలిపాం. బల్బు నాలుగు ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది, ఫ్యాన్‌కి దగ్గర్లోనే. మళ్లీ నీళ్లు కాచాం. 84 దగ్గర బల్బు వెలిగింది, కానీ ఎర్రగా, గుడ్డిగా. స్విచ్ రెండు పిన్నుల మధ్య మీటరు పెడితే 3.4 వోల్టులు. గిన్నెని చిన్నగా తడితే బల్బు మిణుకుమంది. మళ్లీ తడితే ఆరిపోయింది. కాంటాక్టులు కలుస్తున్నాయి, కరెంటు మోయలేకపోతున్నాయి. ఇసకలో గతుకుల మీద పోతున్న బండి మీద ఈ స్విచ్ పరిస్థితి ఏంటో ఆలోచించుకోవచ్చు. అంతకుముందు ఆగిపోయిన ఫ్యాన్‌కి జవాబు ఇదే. స్విచ్ దగ్గర మూడు వోల్టుల పైన, ఎర్త్ దగ్గర రెండు, మోటారుకి మిగిలింది సగమే, గతుకులకి కాంటాక్టులు విడిపోతే అదీ లేదు.

ఇలాంటి స్విచ్ బాగుచెయ్యడానికి లేదు, మార్చడమే. ఆటోనగర్‌లో కార్ల థర్మో స్విచ్ తెచ్చి పెట్టెయ్యమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. కార్ల స్విచ్‌లు చాలావరకు 90కి పైన కలుస్తాయి, మరలు కూడా తేడా. బలవంతంగా తిప్పితే అల్యూమినియం రేడియేటర్ మరలు చెడిపోతాయి, అప్పుడు రేడియేటరే మార్చాలి. ఒరిజినల్ పార్టు వచ్చేదాకా బండిని ఆపాం. మధ్యలో రిలే కూడా పెడితే స్విచ్ మీద భారం తగ్గుతుంది కదా అని కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్నే. రిలే కాయిల్ లాగేది 0.15 ఆంపియర్ దగ్గర్లో, స్విచ్ చాలాకాలం ఉంటుంది. కానీ ఈయన దగ్గర ఇదే మోడల్ బండ్లు ఇంకా ఉన్నాయి, రేపు వేరే మెకానిక్ మాన్యువల్ ముందేసుకుని కూర్చుంటే అందులో లేని రిలే ఎక్కడో సీటు కింద దొరుకుతుంది. ఉప్పు పట్టడానికి ఇంకో నాలుగు పిన్నులు కూడా పెరుగుతాయి. సొంతానికి వాడుకునే బండి అయితే పెట్టేవాణ్ణి. నలుగురి చేతిలో పడే బండికి కంపెనీ వైరింగే మేలు.

కొత్త స్విచ్‌నీ అదే గిన్నెలో, అదే బల్బుతో చూశాకే బిగించాం. 82 దగ్గర బల్బు తెల్లగా వెలిగింది, స్విచ్ మీద డ్రాప్ 0.1 లోపే. కొత్త పార్టుని ఇంత చూడాలా అంటే, బిగించాక లోపం బయటపడితే కూలెంట్ మళ్లీ దించాలి.

ఫోర్ వీల్ స్విచ్

ఇది హ్యాండిల్ ఎడమ వైపు స్విచ్‌ల డబ్బాలో ఉంటుంది, కిల్ స్విచ్, లైటు స్విచ్‌లతో కలిపి. ముందు కిల్ స్విచ్, లైటు స్విచ్, బ్రేక్ స్విచ్ ఒక్కొక్కటీ కరెంటు పారుతుండగా చూశాను. మూడూ 0.2 లోపే, వాటి జోలికి పోలేదు.

ముందు చక్రాలని ఇంజన్‌తో కలిపే హబ్ కాయిల్స్ (కరెంటు వస్తే అయస్కాంతాలయ్యే తీగ చుట్టలు) వైపు కప్లర్ ఊడదీసి, ఫోర్ వీల్ స్విచ్ ఆఫ్‌లో ఉండగా దాని అవుట్‌పుట్ వైరు మీద డిజిటల్ మీటరు 4.8 వోల్టులు చూపించింది. ఆఫ్‌లో సున్నా ఉండాలి. అదే వైరుకి టెస్ట్ ల్యాంప్ తగిలిస్తే వెలగలేదు, మీటరు కూడా సున్నాకి పడిపోయింది. బీప్ విషయంలో లేని బలాన్ని ఉన్నట్టు చూపించిన మీటరే ఇక్కడ లేని వోల్టేజ్‌ని ఉన్నట్టు చూపిస్తోంది. డిజిటల్ మీటరు లోపలి రెసిస్టెన్స్ మామూలుగా 10 మెగా ఓమ్‌లు, అది కరెంటు తాగదు కాబట్టి స్విచ్ లోపల తడి ఉప్పు మీదుగా కారే రవ్వంత లీకేజీ కూడా దానికి వోల్టులుగా కనిపిస్తుంది. బల్బు పెడితే ఆ లీకేజీ కుప్పకూలిపోతుంది. ఇది వైరు షార్ట్ అనుకుని హార్నెస్ (వైర్ల కట్ట) అంతా విప్పి చూసేవాళ్లున్నారు. అందుకే నా డబ్బాలో మీటరు పక్కన టెస్ట్ ల్యాంప్ ఎప్పుడూ ఉంటుంది. ఈసీయూ ఉన్న బండ్ల మీద మాత్రం మామూలు బల్బు ల్యాంప్ ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదు. అది లాగే కరెంటుకి ఈసీయూ లోపలి డ్రైవర్లు పోతాయి.

కప్లర్ మళ్లీ తగిలించి, స్విచ్ ఆన్‌లో పెట్టి కాయిల్స్ పనిచేస్తుండగా కొలిస్తే స్విచ్ మీదే 2 వోల్టుల పైన పోతోంది. గట్టిగా నొక్కి పట్టుకుంటే తగ్గుతోంది, వదిలితే పెరుగుతోంది. విప్పితే లోపల ఇత్తడి ముక్కల మీద చిలుము, సన్నటి ఇసక, ఎప్పుడో ఎవరో కొట్టిన స్ప్రే జిడ్డు.

కానీ యజమాని చెప్పిన ఇంకో మాట స్విచ్ ఒక్కదానితో సరిపోలేదు. "పొద్దున్న బాగానే పడతాది మేస్త్రీ, మధ్యాహ్నమే మొరాయిస్తాది" అన్నాడు. పాడైన స్విచ్‌కి టైం ఏముంటుంది? వైరింగ్ బొమ్మ తీసి చూస్తే ముందు హబ్‌ల కాయిల్స్ బ్రౌన్ వైరు కూడా ఇందాకటి బోల్టు దగ్గరికే వస్తోంది. ఫ్యాన్ వేసినప్పుడల్లా ఆ లగ్గు దగ్గర 2.2 వోల్టులు లేచి కూర్చుంటుంది, కాయిల్ మైనస్ కూడా అంతే ఎత్తుకి పోతుంది. స్విచ్ దగ్గర రెండు, ఎర్త్ దగ్గర రెండు, ఇక కాయిల్‌కి మిగిలేది 8 వోల్టులు. పొద్దున్న కుర్రాళ్లు ఫ్యాన్ వెయ్యరు, ఫోర్ వీల్ పడుతుంది. మధ్యాహ్నం ఫ్యాన్ టాగిల్ వేస్తారు, పడదు. విడివిడిగా రేటు అడిగిన రెండు పనుల్లో సగం భాగం ఒకే బోల్టు.

స్విచ్‌ని కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, ఇత్తడి ముక్కల్ని సన్నగా రుద్ది, ఆరబెట్టి బిగిస్తే డ్రాప్ 0.3కి దిగింది. నా లెక్కకి అది కొంచెం ఎక్కువే. ప్రస్తుతానికి నడుస్తుంది, స్ప్రింగు మెత్తబడింది కాబట్టి సీజన్‌లోపే డబ్బా మొత్తం మార్చాల్సి ఉంటుందని బిల్లు మీదే రాసిచ్చాను.

చివరి రీడింగులు

అన్నీ బిగించాక, ఫ్యాన్ కంపెనీ సర్క్యూట్ మీద తిరుగుతుండగా: బ్యాటరీ 12.5, మోటారు దగ్గర 12.0, ప్లస్ వైపు 0.4, మైనస్ వైపు 0.1. కరెంటు 6.2 ఆంపియర్లు. పేపరు ముక్క ఈసారి ఊదితే పడలేదు, చేత్తో లాగాల్సి వచ్చింది.

ఇంజన్ ఐడిల్‌లో పెట్టి థర్మో స్విచ్ పక్కన ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో చూశాం. మెరిసే అల్యూమినియం మీద గన్ తక్కువ చూపిస్తుంది, కాబట్టి ముందు నల్ల టేపు ముక్క అంటించి దాని మీద చూశాం. 83 దగ్గర ఫ్యాన్ వచ్చింది, 66 దగ్గర ఆగింది, మళ్లీ వచ్చింది. ఆ తర్వాత మధ్యాహ్నం ఎండలోనే బీచ్‌కి తీసుకెళ్లి, పొడి ఇసకలో ఫోర్ వీల్ వేసి, ఫ్యాన్ తిరుగుతుండగా స్విచ్ వేస్తూ తీస్తూ తిప్పించాం. లైటు వెలగలేదు, ఫోర్ వీల్ ప్రతిసారీ పడింది.

ఈసీయూ ఉన్న కొత్త బండ్లయితే దారి కొంచెం వేరు. అక్కడ థర్మో స్విచ్ బదులు టెంపరేచర్ సెన్సారు, ఫ్యాన్‌కి రిలే ఉంటాయి. బాష్ రకం సెన్సారు అయితే 20 డిగ్రీల దగ్గర సుమారు 2.5 కిలో ఓమ్‌లు, 100 దగ్గర 186 ఓమ్‌లు చూపించాలి. దీన్ని ఓమ్స్‌లో చూడొచ్చు, ఎందుకంటే దాని పని బరువు మొయ్యడం కాదు. చాలా బండ్లలో సెన్సారు కప్లర్ ఊడదీస్తే ఈసీయూ భయపడి ఫ్యాన్ వేసేస్తుంది. అలా తిరిగిందంటే రిలే, మోటారు, వైర్లు పనిచేస్తున్నట్టే. ఎంత బాగా పనిచేస్తున్నాయో మాత్రం మళ్లీ డ్రాప్ కొలిచే తెలుసుకోవాలి. రిలేలో ఫ్యాన్ కరెంటు పారే 30, 87 నంబర్ల పిన్నుల మధ్య కూడా ఇదే పరీక్ష.

బిల్లు చూసి యజమాని కాస్త నసిగాడు. "ఒక బోల్టు విప్పి బిగించినందుకు ఇంత లేబరా?" అన్నాడు. మీటరు చేతికిచ్చి, అప్పుడే ట్రాలీ మీద వచ్చిన ఆయనదే ఇంకో బండి ఫ్యాన్‌కి జంపర్ వేయించి, మోటారు మైనస్‌కీ బ్యాటరీ పోస్టుకీ మధ్య ఆయన చేతనే కొలిపించాను. 0.9 చూపించింది. ఆ బండి మీద ఏ కంప్లయింటూ లేదు, బ్రేకు ప్యాడ్ల కోసం వచ్చింది. కాసేపు అంకె వంక చూసి, దాని ఎర్త్ బోల్టు కూడా విప్పమన్నాడు. విప్పితే లగ్గు అంచున చిలుము అప్పుడే మొదలైంది, వైరు రాగి మాత్రం ఇంకా మెరుస్తూనే ఉంది. దానికి కోత అక్కర్లేకుండా రుద్ది బిగించి పంపించాం.